చెయ్యి కనబడాలి

“మిషన్ ప్రింటులా ఉంది అంకుల్,” అంది షాపులో చెకింగు అమ్మాయి.

అది పొగడ్తో తిట్టో అతనికి వెంటనే అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని స్టెన్సిలు పెట్టి బట్ట మీద రంగు అద్దుతున్నాడు. మిషన్ వేసినట్టుందని అనిపించుకోవడానికే ఇన్నాళ్ళూ నడుము పడిపోయేలా వంగాడు. అందుకని కాస్త నవ్వాడు కూడా.

“థాంక్సమ్మా,” అన్నాడు.

“అయ్యో, అలా కాదంకుల్.” ఆ అమ్మాయి రెండు దిండు గలీబు ముక్కలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, షాపు కిటికీ అద్దానికి ఆనించింది. వెలుతురులో రెండు తీగలూ ఒకటే తీగ అయిపోయాయి. ఏడు ఆకుల మీద ఏడు ఆకులు కూర్చున్నాయి. పిట్ట మీద పిట్ట, ముక్కు మీద ముక్కు. “చూశారా? వెంట్రుకవాసి తేడా లేదు.”

“ఉండకూడదు కదమ్మా.”

“ఉండాలంకుల్. ఇది చేతి పని సెక్షను. గలీబు చేతిలోకి తీసుకోగానే, ఎవరో మనిషి కూర్చుని వేశారని తెలియాలి. చెయ్యి కనబడాలి.”

అతను తన చేతి వంక చూసుకున్నాడు. గోళ్ళ మొదళ్ళలో ఆకుపచ్చ రంగు గట్టిపడి ఉంది. చూపుడు వేలు పక్కన కత్తి పట్టే చోట కాయ కాసింది. ఇంతకంటే ఎలా కనబడుతుంది చెయ్యి?

“ఇదంతా చేత్తో వేసిందేనమ్మా. ఒక్కో ముక్కకి అరగంట పడుతుంది.”

“నాకు తెలుసంకుల్. కొనేవాళ్ళకి తెలీదు కదా.”

పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. మెడలో కార్డు, చెవి వెనక పెన్సిలు. బ్రష్షు పట్టుకున్న చెయ్యి కాదది, చూస్తేనే తెలుస్తుంది. అయినా మాట మెత్తగా ఉంది. అదే అతని ఒళ్ళు మండించింది. కసురుకుని ఉంటే తనూ నాలుగు మాటలు అని బయటికి వచ్చేవాడు.

తెచ్చిన నలభై ముక్కలూ మళ్ళీ మూటలోకి వెళ్ళాయి. వాటికి బదులు పన్నెండు తెల్ల ముక్కలు ఇచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా వేసి తీసుకొస్తే చూస్తారు. నచ్చితే ఏడాది పొడుగునా ఆ సెక్షనుకి అతనే వెయ్యొచ్చు. నచ్చకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారు. మామూలు గలీబులు ఈ నెల నుంచి మిల్లులోనే అచ్చువేయిస్తున్నారు కాబట్టి ఇక అటు దారి లేదు.

“ఇంకో మాట అంకుల్. ఆదివారం ఇక్కడ చిన్న క్లాసు పెడుతున్నాం. చేతి పని ఎలా చెయ్యాలో చూపిస్తారు. మీరూ వస్తారా?”

గుమ్మం దాటబోతున్నవాడల్లా ఆగాడు. మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మెట్లు దిగాడు.

కింద బావమరిది వ్యానులో కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో పార్సిళ్ళు పంచే పని అతనిది. దారిలో ఉంటే బావ మూటలు కూడా ఎక్కించుకుంటాడు.

“ఏంటి బావా, తీసుకెళ్ళిన మూట తీసుకెళ్ళినట్టే తెచ్చావ్? షాపు మూసేశారా?”

“బాగా వేశానట. అందుకని వద్దట.”

బావమరిది తాళం తిప్పబోయి చెయ్యి ఆపాడు. “మళ్ళీ ఓసారి చెప్పు?”

చెప్పాడు. బావమరిది స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. “నీకొక్కడికేనా బావా, నాకు ఎన్నిసార్లు జరిగిందో! మొన్న ఒకాయన పార్సిలు చెక్కుచెదరకుండా ఇచ్చానని పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘నిజంగా మీ కంపెనీయేనా బాబూ’ అని కార్డు అడిగాడు.”

ఇంటిదాకా అతను మూట ఒళ్ళో పెట్టుకుని, దాని ముడి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ముందు గదంతా పనికే పోయింది. పాత తలుపు చెక్కని రెండు స్టాండ్ల మీద పెట్టి, దాని మీద దుప్పటి, దుప్పటి మీద ప్లాస్టిక్ షీటు పరిచి బిగించాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి నాలుగు వైర్లు, వాటికి క్లిప్పులు. మనిషి వంగి నడవాల్సిందే. వీధిలో అతన్ని అందరూ ‘కొలబద్ద’ అంటారు. వైర్ల మీద క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య కూడా జానెడు దూరం కొలిచి పెట్టే మనిషి మరి.

భార్య కొళాయి దగ్గర కొత్త బట్ట ఉతుకుతోంది. బట్టలోని గంజి పోకపోతే రంగు పైపైనే ఉండి రాలిపోతుంది. ఉతకడం, ఆరెయ్యడం, ముక్కలు కత్తిరించడం, రంగు ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేసి గట్టిపరచడం ఆమె పనులు. స్టెన్సిలు, బ్రష్షు అతనివి. కాపురానికొచ్చిన కొత్తలో ఒక్కసారి బ్రష్షు ఇచ్చి చూశాడు. “నీ చెయ్యి ఊగుతోంది” అని రెండో ఆకు దగ్గరే తీసేసుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

“ఏమన్నారండీ?” అంది, చేతులు దులుపుకుంటూ.

“తప్పులు కావాలట.”

“తప్పులా?”

“ఆఁ. అక్కడక్కడా వంకర పోవాలి. రంగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడాలి. అప్పుడే చేత్తో చేసినట్టట.”

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసి నవ్వేసింది. “దానికంత దిగులెందుకు? నన్నడిగితే బోలెడు ఇచ్చేదాన్నిగా.”

“నీకు ఎగతాళిగా ఉంది.”

“ఎగతాళేంటండీ. ఇన్నేళ్ళూ మీరే అన్నారుగా, తప్పులు చెయ్యడంలో నా తర్వాతే ఎవరైనా అని.”

అతను మూటని మంచం కిందికి తోసి, చొక్కా కూడా విప్పకుండా పడుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే తప్పులు చెయ్యడానికి కూర్చున్నాడు.

చిరిగిన దుప్పటి ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. స్టెన్సిలు పెట్టాడు. నాలుగు మూలలకీ టేపు అంటించబోయి, ‘వద్దు, ఇవాళ టేపు లేకుండానే’ అనుకుని ఊరుకున్నాడు. బ్రష్షు కొసని రంగులో ముంచి, పక్కనున్న న్యూస్ పేపరు మీద అద్దాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. రంగు కిందనుంచి అక్షరాలు చదవడానికి వస్తే బ్రష్షు సరిపడా పొడిగా ఉన్నట్టు. తడి ఎక్కువైతే రంగు స్టెన్సిలు కిందికి పాకి ఆకు అంచు పాడవుతుంది. పాడవ్వాలనే కదా కూర్చుంది? అయినా చెయ్యి తనంతట తనే నాలుగోసారి కూడా పేపరు మీద అద్దింది.

మొదటి ఆకు నిటారుగా అద్దాడు. బ్రష్షుని పక్కకి గియ్యకూడదు, పైనుంచి కిందికే తట్టాలి. రెండో ఆకు దగ్గర కావాలని మోచెయ్యి కదిపాడు. వేళ్ళు సర్దుకున్నాయి. ఇంకాస్త గట్టిగా కదిపాడు. ఈసారి మణికట్టు సర్దుకుంది. స్టెన్సిలు ఎత్తి చూస్తే ఏడు ఆకులూ బడిలో పిల్లల్లా వరసగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

కళ్ళు మూసుకుని అద్దాడు. అలవాటైన చోట అలవాటైనట్టే పడింది. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అద్దాడు. అదీ అంతే. రెండు గంటలు కుస్తీ పట్టాక బ్రష్షు ఎడమ చేతిలోకి మార్చాడు. అప్పుడు వంకర వచ్చింది. వచ్చిందంటే, ఒక ఆకు కాదు, తీగంతా మురిక్కాలవలోంచి లాగినట్టు వచ్చింది.

భార్య ఇస్త్రీ పెట్టెకి వైరు తగిలిస్తూ వంగి చూసింది. “ఇది చేత్తో వేసినట్టు లేదండీ.”

“మరెలా ఉంది?”

“కాలితో వేసినట్టుంది.”

బ్రష్షు బల్ల మీద కొట్టాడు. ఆకుపచ్చ చుక్కలు గోడ మీద పడ్డాయి. ఆమె తడిగుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచాక అక్కడే ఒక్క క్షణం నిలబడింది, ఏదో అనబోతున్నట్టు. అతను వీపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ ముద్ద చేతిలోనే ఉండగా అతనికి ఆలోచన తట్టింది. చెయ్యి తప్పు చెయ్యకపోతే పోనీ. స్టెన్సిలు తప్పు చెయ్యాలి.

చెయ్యి కడుక్కుని లేచాడు. పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీశాడు. పాతసామాన్ల కొట్టులో కట్టలు కట్టలుగా దొరుకుతాయి. బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి రుద్దితే నలుపు పోయి గాజులా తేలుతుంది. కాగితంలా నానదు, రేకులా బరువుండదు. దీన్ని తొందరలో రుద్దడంతో ఎవరివో పక్కటెముకలు పొగలా ఇంకా మిగిలే ఉన్నాయి. అద్దం పలక మీద ఫిల్ము పెట్టి, పెన్సిలుతో తీగ గీశాడు. ఆకులు గీశాడు. నాలుగో ఆకు దగ్గరికొచ్చి ఆగాడు.

ఎంత వంకర? ఎటువైపు? ఎక్కువైతే చేతకాని పని అంటారు. తక్కువైతే కనబడదు. స్కేలు తెచ్చుకున్నాడు. నాలుగో ఆకు కాడని కుడివైపుకి రెండు గీతల మేర జరిపాడు. బాగా లేదని మూడు గీతలు చేశాడు. ఆరో ఆకు అంచు చిన్నగా నొక్కుపడేలా గీశాడు. పిట్ట తోక కొంచెం కిందికి వాల్చాడు. ఆ తప్పుల్ని అటూ ఇటూ సర్దడానికే గంట పట్టింది.

తర్వాత కత్తి పట్టాడు. కొసన విరిచిన బ్లేడుని పుల్లకి కట్టుకున్న కత్తి. కత్తిని తిప్పకూడదు, ఫిల్ముని తిప్పాలి. ఆకుకీ ఆకుకీ మధ్య కొయ్యకుండా సన్నటి కట్టు వదలాలి, లేకపోతే మధ్యముక్క ఊడి చేతికొస్తుంది. ఎక్కడా పట్టు తప్పకుండా, ఒక్క పీచు కూడా లేవకుండా మూడు వంకర్లూ కోశాడు.

టీ వేళకి వచ్చిన బావమరిది ఫిల్ముని ఎత్తి వెలుతురుకి పెట్టాడు. “పాపం, ఈ పక్కటెముకలాయన ఎవరో బావా. ఆయన గుండెల మీద పిట్టని కూర్చోబెట్టావ్. దగ్గొచ్చినా ఎగిరేది కాదు.”

“కింద పెట్టు. వేలిముద్రలు పడతాయి.”

“పడనీ. చెయ్యి కనబడాలన్నారుగా!”

ఆ మాటకి లోపల గదిలోంచి భార్య కూడా నవ్వింది. అతను మాత్రం ఫిల్ము లాక్కుని గుడ్డతో తుడిచాడు.

సాయంత్రంలోపు ఆరు ముక్కలు వేశాడు. మిగిలిన ఆరూ ఇవి నచ్చాక వెయ్యొచ్చని పక్కన పెట్టాడు. చాలాసేపు వైర్ల కింద వంగి, వాటి మధ్య తిరిగాడు. నాలుగో ఆకు వంకరగా ఉంది. ఆరో ఆకు నొక్కుగా ఉంది. చూస్తుంటే పన్ను నొప్పిలా ఎక్కడో సలుపుతోంది, కానీ అడిగింది ఇదేగా అనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం చెకింగు అమ్మాయి మొదటి ముక్క విప్పి చూడగానే ఆమె మొహం వెలిగింది.

“ఇదీ అంకుల్! నేను చెప్పింది ఇదే. ఈ ఆకు చూడండి, ఎంత సహజంగా ఉందో.”

అతను ఊపిరి వదిలాడు. కౌంటరు అంచు పట్టుకున్న వేళ్ళు సడలాయి. ఆదివారం క్లాసుకి తననే పిలిచి చెప్పమంటారేమోనన్న పిచ్చి ఊహ కూడా ఒకటి వచ్చింది.

రెండో ముక్క విప్పింది. మూడోది విప్పింది. ఆ అమ్మాయి చెయ్యి నెమ్మదించింది. మూడూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దానికి ఆనించింది. అతనూ వెనకాలే వెళ్ళాడు. వెలుతురులో మూడు తీగలు ఒకటయ్యాయి. మూడు వంకర ఆకులు ఒకే వంకర ఆకు అయ్యాయి. నొక్కు మీద నొక్కు, వాలిన తోక మీద వాలిన తోక.

“అంకుల్...” ఆ అమ్మాయి గొంతులో నవ్వు ఆగడం లేదు. “తప్పుని కూడా స్టెన్సిలు కోసేశారా?”

కౌంటరులో ఉన్న ఇద్దరు అమ్మాయిలు కూడా వచ్చి చూశారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చెడ్డగా నవ్వలేదు. చంటిపిల్లవాడు చొక్కా వెనకా ముందూ తొడుక్కుని వస్తే నవ్వినట్టు నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి.

“స్టెన్సిలంటే అదే కదమ్మా,” అన్నాడు. “కోసింది కోసినట్టు పడాలి. ఒక్కోటీ ఒక్కోలా పడాలంటే ఇంక స్టెన్సిలెందుకు?”

“కోత ఒకటే అయినా చెయ్యి మారుతుంది కదంకుల్. ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండం. అది తెలియాలి.”

“నేను ఉంటాను,” అన్నాడు అతను. “రోజూ ఒకలాగే ఉంటాను.”

ఆ అమ్మాయి ఆరు ముక్కలూ నెమ్మదిగా మడిచి ఇచ్చింది. “ఇంకో ఆరు ఉన్నాయిగా. శుక్రవారం దాకా టైముంది. ఆలోచించకుండా వెయ్యండంకుల్. ఊరికే అలా, హాయిగా.”

హాయిగా! ఆ మాట పళ్ళ మధ్య రాయిలా పడింది. ఇంటికి వెళ్ళే దారంతా నమిలాడు.

గురువారం పొద్దున అతను బల్ల దగ్గరికి పోలేదు. గోడకేసి చూస్తూ కాసేపు కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. తర్వాత చెప్పులు వేసుకుని మిల్లు వైపు నడిచాడు. అచ్చు పడిన బట్ట మడతలు వేసే పనైనా దొరుకుతుందేమోనని. గేటు దగ్గర వాచ్‌మన్ అతని తల వంకా చేతుల వంకా చూశాడు. “మడతలు వెయ్యడానికి కూడా మిషనొచ్చింది పెద్దాయనా,” అన్నాడు. పెద్దాయన. ఇద్దరికీ వయసులో రెండు మూడేళ్ళు తేడా ఉంటే గొప్ప. 

మూసిన గేటు ఇనుప చువ్వల్లోంచి లోపలికి చూశాడు. బట్ట ఏరులా జారుతోంది. పూల మీద పూలు, పూల మీద పూలు. ఒక్కటీ తప్పు లేదు. నిన్నటిదాకా దాన్ని చూసి తనూ అంతేనని గర్వపడేవాడు.

తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుమ్మం బయట బావమరిది వ్యాను ఉంది. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి.

భార్య అతని స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో బ్రష్షు. అతను ఎప్పుడూ వాడే స్టెన్సిలుని, వంకర కోసింది కాదు, మొదటిదాన్ని, ఎడమ అరచేత్తో అదిమి పట్టుకుంది. టేపు లేదు. మూలల గుర్తులు లేవు. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని టీ తాగుతూ ఏదో చెబుతుంటే, అటు తిరిగి వింటూ ఇటు అద్దుతోంది.

“అప్పుడు కుక్క ఏం చేసిందిరా?” అంది.

“ఏం చేస్తుందక్కా, పార్సిలు నోట కరుచుకుని నాకంటే ముందే ఆ ఇంటికెళ్ళి కూర్చుంది. సంతకం ఒక్కటే పెట్టలేదు.”

ఆమె నవ్వింది. నవ్వులో బ్రష్షు కూడా కదిలింది. మధ్యలో స్టెన్సిలు ఒక అంచు ఎత్తి కింద ఎలా పడిందో తొంగిచూసింది. అలా చూడకూడదు. ఎత్తితే మళ్ళీ అదే చోట కూర్చోదు. కూర్చోలేదు కూడా. ఆమె పట్టించుకోకుండా అద్దుకుంటూ పోయింది. బ్రష్షులో రంగు అయిపోతున్నా అద్దుతూనే ఉంది, చివరి ఆకు ఆకుపచ్చ కాదు, మంచులో ఆకులా ఉంది.

“ఎవరు ముట్టుకోమన్నారు?” అన్నాడు అతను.

బావమరిది టీ గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. ఆమె తల ఎత్తింది.

“రేపే కదండీ ఇవ్వాల్సింది. ఆరెయ్యడానికి ఒక పూట, ఇస్త్రీకి ఒక పూట. మీరేమో గోడకేసి చూస్తూ కూర్చుని, తర్వాత చెప్పకుండా పోయారు.”

అప్పటికే అయిదు ముక్కలు వైరు మీద ఉన్నాయి. అతను దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. మొదటిదానిలో తీగ ఎడమకి వాలింది. రెండోదానిలో పిట్ట ఆకుకి మరీ దగ్గరగా పడి, ఆకుతో ఏదో రహస్యం చెబుతున్నట్టుంది. మూడోదానిలో ఆమె చిటికెన వేలి ముద్ర, పిట్ట పక్కన, లేత ఆకుపచ్చ. నాలుగు... అయిదు... ఒకదానిలాగా ఒకటి లేదు. పందొమ్మిది తప్పుల దాకా లెక్కపెట్టి విసిగిపోయాడు. బల్ల మీదున్న తడిగుడ్డ తీసుకుని ఆ వేలిముద్ర దగ్గరికి చెయ్యి చాపాడు.

“ముట్టుకోకండి,” అంది ఆమె.

గట్టిగా అనలేదు. కానీ ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు.

“మచ్చ పడింది. పచ్చిగా ఉండగానే తీసెయ్యాలి.”

“ఉండనీండి. ఇన్నేళ్ళలో మీ ముక్కని ఒక్కసారైనా నేను దిద్దానా?”

బావమరిది గ్లాసు కిటికీలో పెట్టి, “నాకు డెలివరీలున్నాయి” అని గొణిగి బయటికి జారుకున్నాడు. అతను తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్ళు ఒక్కో చుక్కా పాదం మీద పడుతున్నాయి. ఆమె మళ్ళీ వంగి ఆరో ముక్కలో పిట్ట మొదలుపెట్టింది. బ్రష్షుని పేపరు మీద ఒక్కసారే అద్దింది. తడి ఎక్కువ, అని నోటిదాకా వచ్చింది. మింగాడు.

శుక్రవారం ముక్కలు అతను తీసుకెళ్ళలేదు. తల నొప్పిగా ఉందన్నాడు. ఆమె ఇస్త్రీ చేసి మడిచి తమ్ముడికి ఇచ్చింది. “నచ్చకపోతే నచ్చలేదని ఫోన్ చెయ్యి. కథలు చెప్పకు,” అని వ్యాను దాకా వెళ్ళి చెప్పి వచ్చింది. అతను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నచ్చకూడదని ఒక పక్క, నచ్చకపోతే ఏం చెయ్యాలని ఒక పక్క. ఈ రెంటి మధ్య నిజంగానే తల నొప్పి వచ్చింది.

నాలుగు గంటలకి ఫోన్ మోగింది. బావమరిది కాదు, చెకింగు అమ్మాయి.

“అంకుల్! ఆరుకి ఆరూ పాస్. మా మేనేజరు ఒకటి తన బల్ల మీద పెట్టేసుకున్నారు. ఆ వేలిముద్ర ఉందే, దాన్నయితే అందరికీ చూపిస్తున్నారు. నేను చెప్పలా? ఇప్పుడు కనబడింది మీ చెయ్యి!”

“ఆఁ,” అన్నాడు అతను.

“రేపు పదింటికి ఫొటోగ్రాఫరుతో వస్తాం. ప్రతి గలీబుకీ ఒక చీటీ కుడతాం అంకుల్. చీటీ మీద మీ చేతుల ఫొటో. బ్రష్షు పట్టుకుని వేస్తున్నట్టు. ఇంట్లోనే ఉంటారుగా?”

“ఉంటానమ్మా.”

ఫోన్ పెట్టేశాడు. భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

“పాసయ్యాయట,” అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. “అన్నీనా?”

“అన్నీ. రేపు ఫొటో తియ్యడానికి వస్తారట.”

“ఎవరిని?”

“మనుషుల్ని కాదు. చేతుల్ని.”

ఆమె ఎవరి చేతుల్ని అని అడగలేదు. లోపలికి వెళ్ళి రంగు డబ్బాలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన డబ్బానే మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినిపించింది. అతను పెరట్లోకి వెళ్ళి చేతులకి కిరసనాయిలు రాసుకుని రుద్దాడు. పుల్లతో గోళ్ళ సందులు గీకాడు. గోళ్ళు కత్తిరించుకున్నాడు. అద్దకం పనిలో దిగాక అతని చేతులు అంత తెల్లగా ఎప్పుడూ లేవు.

శనివారం పదింటికి ఆ అమ్మాయి, కెమెరా మెడలో వేసుకున్న ఒకతను వచ్చారు. అతను ఉతికిన చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గలీబు ముక్క పరిచి ఉంది. భార్య నీళ్ళిచ్చి వెళ్ళి లోపలి గది గుమ్మంలో నిలబడింది.

“వీడియో కూడా తీస్తాం అంకుల్. మామూలుగా ఎలా వేస్తారో అలాగే వెయ్యండి.”

స్టెన్సిలు పెట్టాడు. టేపు వైపు వెళ్ళిన చేతిని వెనక్కి లాక్కున్నాడు. బ్రష్షు ముంచి పేపరు మీద ఒక్కసారే అద్దాడు, ఆమెలాగే. స్టెన్సిలుని అరచేత్తో పట్టుకున్నాడు. మొదటి ఆకు, రెండో ఆకు. మధ్యలో అంచు ఎత్తి తొంగిచూశాడు. మళ్ళీ పెట్టాడు. ఫిల్ము తన పాత చోటునే వెతుక్కుని కూర్చుంది. ఏడు ఆకులూ అయ్యాయి. పిట్ట అయ్యింది. ఎత్తాడు.

తీగ గీసిన గీతలా ఉంది. ఆకులు ఏడూ ఒకే పచ్చ.

“అంకుల్,” అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, “నిన్నటివాటిలా...”

“ఆగండి. ఇంకోటి వేస్తాను.”

ఇంకోటి వేశాడు. చెమట ముక్కు కొస నుంచి పడబోతే భుజంతో తుడుచుకున్నాడు. ఈసారి ఇంకా చక్కగా వచ్చింది. కెమెరా అతను కెమెరా దించి గోడల వంక చూడసాగాడు. ఆ అమ్మాయి రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద ఒకటి పెట్టలేదు. పెట్టకపోవడం ఆమె మంచితనం.

అతను బ్రష్షుని బల్ల మీద పెట్టాడు. దాని పిడిని అంచుకి సమంగా సర్దాడు.

“నిన్నటివి నేను వెయ్యలేదమ్మా.”

“మరి?”

“మా ఆవిడ వేసింది.” తల తిప్పకుండా అన్నాడు. “ఫోన్లోనే చెప్పాల్సింది.”

ఆ అమ్మాయి గుమ్మం వైపు చూసింది. “ఆంటీ, మీరా?”

“నాకు సరిగ్గా రాదమ్మా,” అంది భార్య. “తొందరలో ఏదో అద్దాను.”

“అదే కావాలి ఆంటీ! రండి, రండి. ఇలా కూర్చోండి.”

భార్య అతని వైపు చూసింది. అతను లేచాడు. స్టూలుని కాలితో కాస్త వెనక్కి జరిపాడు, ఆమె పొట్టిది కాబట్టి బల్లకి దగ్గరగా ఉండాలని మళ్ళీ ముందుకి తోశాడు. ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆ చేతులు శుభ్రంగా లేవు. పొద్దున తోమిన గిన్నెల మసి ఇంకా గీతల్లోనే ఉంది. కెమెరా అతను చప్పున దగ్గరికి వచ్చి, “బావుంది, బావుంది, కడుక్కోవద్దు” అన్నాడు.

ఎదురుగా అంతమంది ఉండేసరికి ఆమె అరచేతి కింద స్టెన్సిలు అటూ ఇటూ జారింది. “ఏవండీ, కాస్త ఇటు పట్టుకోరూ,” అంది.

అతను బల్లకి అవతలివైపు వంగి, ఫిల్ము రెండు మూలల్నీ రెండు వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు. ఫిల్ము కదలడం మానేసింది. ఆమె బ్రష్షు ముంచింది. పేపరు మీద ఒకసారి అద్ది, అతని మొహం చూసి, రెండోసారి కూడా అద్దింది. మొదటి ఆకు పడింది. రెండో ఆకు పడింది. కెమెరా క్లిక్కుమంది, మళ్ళీ క్లిక్కుమంది.

“అంకుల్,” అంది చెకింగు అమ్మాయి, కెమెరా వెనక ఉన్న తెరలోకి చూస్తూ, “మీ వేళ్ళు కొంచెం పక్కకి తీస్తారా? ఫొటోలో పడుతున్నాయి.”

“తీస్తే ఇది జరిగిపోతుందమ్మా.”

“జరగనివ్వండంకుల్. ఏం కాదు.”

భార్య బ్రష్షు గాలిలో ఆపి ఎదురుచూస్తోంది. పట్టుకోండి అనీ అనలేదు, వదిలెయ్యండి అనీ అనలేదు. అతను ముందు ఎడమ వేలు ఎత్తాడు. తర్వాత కుడి వేలు. ఫిల్ము నూలుపోగంత జరిగింది. ఎవరూ చూడలేదు, అతను తప్ప.

ఆమె మూడో ఆకు అద్దింది.